అమెరికా పదంటే మన ఐదు

సూట్‌కేసు జిప్పు మూడోసారి కూడా సగంలోనే ఆగిపోయింది. గది తలుపు మూసి ఉన్నా ఆ చప్పుడు వంటింటిదాకా వినిపిస్తూనే ఉంది.

"ఇంకా సర్దుతూనే ఉందా?" అన్నాడు అబ్రహాం గొంతు తగ్గించి.

విక్టోరియా తలెత్తలేదు. ఉల్లిపాయలు తరుగుతోంది. శనివారం పొద్దున్న ఈ ఇంట్లో ఉప్మా. ఎవరి ఉద్యోగం ఉన్నా, ఎవరిది ఊడేలా ఉన్నా ఆ నియమం మారదు.

"నువ్వెళ్ళి ఒక మాట చెప్పొచ్చు కదా. నీ కింద పనిచేసే పిల్ల, నీ ఇంట్లో ఉండే పిల్ల. బుధవారం నుంచి ఆ గదిలోంచి బయటికొచ్చింది లేదు. నేను చెబితే ఏం వింటుంది? నేను బస్సు తోలేవాణ్ణి."

"చెప్పాను."

"ఏం చెప్పావు?"

"అన్నం తినమని చెప్పాను."

అబ్రహాం భార్య పక్క నుంచి టీ కప్పు అందుకున్నాడు. హట్ లోయ మీద నుంచి వచ్చే జూలై చలిగాలి కిటికీ అద్దాన్ని ఆగి ఆగి ఊపుతోంది.

వెనక గదిలో ఉండే సాయి ప్రియది సిద్దిపేట. చదువుకోవడానికి వచ్చి, కోర్సు అయ్యాక రెండేళ్ళ కిందట ఈ ఇంట్లో అద్దెకు దిగింది. విక్టోరియా హెడ్ నర్సుగా ఉన్న వృద్ధుల హోమ్‌లో కేర్‌గివర్ పని ఇప్పించింది విక్టోరియాయే. ఆ పిల్ల వీసా ఆ పనికే ముడిపడి ఉంది. ఇప్పుడు ఆ పని నుంచి ఆపి, సోమవారం పది గంటలకు విచారణకు రమ్మని ఉత్తరం ఇచ్చారు. ఆ ఉత్తరం నాలుగు రోజులుగా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. దాన్ని అక్కడ పెట్టింది అబ్రహాం. అక్కడి నుంచి తీసే ధైర్యం ఎవరికీ లేదు.

"మీ హోమ్‌లో పడిపోయిన ఆ ముసలాయన అమెరికా వాడు కాబట్టి ఇంత రభస," అన్నాడు అబ్రహాం. "ఈ దేశంలో పుట్టిన కివీ ముసలాయనైతే తుంటి విరిగినా నవ్వి ఊరుకునేవాడు. వీళ్ళు అలా కాదు. కాఫీ ఒలికితే కోర్టుకెళ్ళే జాతి. మీ మేనేజర్ భయమంతా లాయరు దిగుతాడనే."

"ఇక్కడ ఎవరూ సూ చెయ్యలేరు డాడీ. ఏసీసీ ఉంది, దెబ్బ తగిలితే గవర్నమెంటే డబ్బిస్తుంది. స్కూల్లో చెప్పారు." బెట్సీ నెట్‌బాల్ డ్రెస్సులో వచ్చి కుర్చీలో మఠం వేసుకుంది. పదిహేనేళ్ళ ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం ఇంగ్లీషు దొర్లుతుంది. "అండ్ దట్స్ సో స్టీరియోటైప్."

"నేనేమన్నానే? ఉన్నమాటేగా. నా బస్సెక్కే టూరిస్టుల్లో అమెరికా వాళ్ళెవరో, వాళ్ళు వెనక సీట్లో కూర్చున్నా చెప్పేస్తాను. వాళ్ళ కడుపులో ఏముందో కూడా ముందు సీటుకి వినబడుతుంది."

"నీ గొంతు కూడా వినబడుతుంది, డాడీ. చర్చిలో మైక్ వద్దంటారు నీకు."

అబ్రహాం నవ్వాడు. నాలుగు రోజుల్లో ఆ ఇంట్లో వినిపించిన మొదటి నవ్వు అది. అది బాగుందనిపించి బెట్సీ ఇంకాస్త పొడిగించింది.

"మమ్మీ కూడా అంటుందిగా. అమెరికన్ పదంటే మన ఐదు. ఆల్వేస్ డివైడ్ బై టూ."

విక్టోరియా చేతిలో కత్తి ఆగింది.

"అవునవును," అన్నాడు అబ్రహాం ఇంకా నవ్వుతూనే. "ఈస్టర్ భోజనాలప్పుడు చెప్పిందిగా, అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. ప్రియ కూడా."

వెనక గదిలో జిప్పు చప్పుడు ఆగిపోయింది.

ఆగిపోయిందని విక్టోరియాకి ఒక్కదానికే తెలిసింది. అబ్రహాం ఉప్మా రవ్వ డబ్బా వెతుకుతున్నాడు. బెట్సీ జడ వేసుకుంటోంది.

"ఉల్లిపాయ ఘాటు," అంది విక్టోరియా ఎవరూ అడక్కముందే, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ.

*

వెండెల్ అనే ఆ ఎనభై ఒక్కేళ్ళ మనిషి మార్చిలో హోమ్‌కి వచ్చాడు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం. పెళ్ళాడింది ఇక్కడి లోవర్ హట్ అమ్మాయిని. రిటైరయ్యాక ఆమె కోసం ఇక్కడికి వచ్చి, ఆమె పోయాక ఇక్కడే మిగిలిపోయాడు.

ఆయన రాకముందే టీ గదిలో అందరికీ అమెరికా గురించి ఒక్కో అభిప్రాయం ఉంది. అమెరికా చూసినవాళ్ళు మాత్రం వాళ్ళలో ఒక్కరూ లేరు. గట్టిగా మాట్లాడతారు, అంది వంటావిడ. నిజమే, ఆయన గుడ్ మార్నింగ్ బట్టలుతికే గదిదాకా వినబడేది. చలికాలంలో కూడా నీళ్ళలో ఐసు వేసుకుంటారు, అంది ఫిలిప్పీన్స్ నర్సు. అదీ నిజమే. అందరితో స్నేహంగా ఉంటారు కానీ అదంతా పైపైనే, అంది మేనేజర్. ఇది సగమే నిజం. తుడిచే అమ్మాయి కొడుకు పరీక్ష ఏ రోజో గుర్తుపెట్టుకుని, ఎలా రాశాడని అడిగింది ఆయనొక్కడే.

ప్రపంచం మ్యాపులో అమెరికా తప్ప ఇంకేం తెలియదు వాళ్ళకి, అన్నది విక్టోరియా. మీది ఏ ఊరని ఆయన అడిగితే ఏలూరని చెప్పింది. మర్నాడు మందులివ్వడానికి వెళ్ళేసరికి, కొల్లేటికి పెలికాన్ పక్షులు ఇప్పటికీ వస్తున్నాయా అని అడిగాడు. ఆ సంగతి ఆమె టీ గదిలో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు ఆలోచించలేదు కూడా.

ప్రతిదీ గోరంతలు కొండంతలు చేస్తారన్నది అందరూ కలిసి తేల్చిన మాట. టోస్టు మీద వేసిన కీమా అంత రుచైనది ఆయనకి భూమ్మీద లేదు. కాఫీ చల్లారితే అంతకంటే ఘోరం లేదు. మోకాలు నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత అని అడిగితే, చాపిన కాలు ఊపుకుంటూనే, "పది," అనేవాడు.

ఒక మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు, చేతిలో కాగితాలతో నిలబడి విక్టోరియా అంది, "ఆయన పదంటే మనం ఐదు వేసుకోవాలి. అమెరికా కరెన్సీ అది. రెండుతో భాగించండి." ఐదుగురు నవ్వారు. వాళ్ళలో సాయి ప్రియ ఉంది. పనిలో చేరి అప్పటికి ఏడాదిన్నర. విక్టోరియా ఆంటీ ఏం చెప్పినా పుస్తకంలో రాసుకునే పిల్ల. ఆ రోజు కూడా రాసుకుందేమో.

మొదటి రెండూ నిజమయ్యాక మిగతావాటిని ఎవరూ పరీక్షించి చూడరు. అది విక్టోరియాకి ఇప్పుడు తెలుస్తోంది.

మంగళవారం సాయంత్రం వెండెల్ బాత్రూమ్ గడప దగ్గర జారిపడి, కమ్మీ పట్టుకుని, తనంతట తానే లేచి మంచం దాకా వచ్చాడు. నొప్పి ఎంత అని సాయి ప్రియ అడిగితే నాలుగన్నాడు. నొప్పి నాలుగు, ఆపైన అయితే కేర్‌గివర్ వెంటనే నర్సుని పిలవాలి. అది హోమ్ రూలు. సాయి ప్రియ పిలవలేదు. కాలి కింద దిండు పెట్టింది. బుధవారం పొద్దున్న విక్టోరియా దుప్పటి తీసి చూసేసరికి ఎడమ కాలు కుడిదాని కంటే పొట్టిగా, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. ఇరవయ్యేళ్ళుగా నర్సుగా ఉన్న మనిషికి ఎక్స్‌రే అక్కర్లేదు. పన్నెండు గంటలు విరిగిన తుంటితో పడుకుని ఉన్నాడాయన.

గురువారం మేనేజర్ తలుపు వేసి అడిగింది. "ఆయన నొప్పిని తక్కువ చేసి చూసే అలవాటు స్టాఫ్‌లో ఎవరికైనా ఉందా, విక్టోరియా?"

"నాకు తెలిసి లేదు," అంది విక్టోరియా.

ఆ మూడు మాటలు నోట్లోంచి చాలా తేలిగ్గా వచ్చాయి.

*

"కొత్తిమీర అయిపోయింది, షాపుకెళ్ళొస్తా," అని వెనక గది వైపు కేకేసి విక్టోరియా బయల్దేరింది. అబ్రహాం, బెట్సీ అప్పటికే నెట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళిపోయారు. వెళ్తూ అబ్రహాం వెనక గది తలుపు దగ్గర ఆగి, "ప్రియా, సోమవారం మీటింగుకి మీ ఆంటీ వచ్చి నీ పక్కనే కూర్చుంటుంది, నువ్వేం భయపడకు," అని చెప్పి మరీ వెళ్ళాడు. విక్టోరియాని అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందని ఆయనకి తోచలేదు.

కారు షాపు దాటి ఆసుపత్రి వైపు తిరిగింది.

వెండెల్ కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. ఆపరేషన్ అయి మూడు రోజులు. మొహం పాలిపోయింది, గడ్డం మాసింది. మంచం పక్కన గ్లాసులో ఐసు ఉంది.

"బాస్ వచ్చింది," అన్నాడు. ఆ గొంతు వార్డంతా వినబడలేదు. పక్క మంచానికి కూడా వినబడలేదు.

ఆమె కూర్చునేలోగా ఒక కుర్ర నర్సు వచ్చి నొప్పి ఎంత అని అడిగింది.

"మూడు," అన్నాడాయన నవ్వుతూ. "అంతా బ్రహ్మాండం. నువ్వు చాలా బాగా చూస్తున్నావు."

నర్సు రాసుకుని వెళ్ళిపోయింది. విక్టోరియా కళ్ళు ఆయన మొహం మీద లేవు. మంచం కమ్మీని పట్టుకున్న వేళ్ళ మీద ఉన్నాయి. కణుపులు తెల్లబారి ఉన్నాయి.

"మూడంటే ఎవరి లెక్కలో, వెండెల్?"

ఆయన ఒక క్షణం ఆమెని చూశాడు. "మీ లెక్కలోనే," అన్నాడు.

ఆమెకి అర్థమైంది. అర్థం కానట్టు ఉండాలనుకుంది. వీలుపడలేదు.

"మీరు విన్నారు."

"నా గది మీ కౌంటర్ పక్కనే కదా. నేను గట్టిగా మాట్లాడతానని నాకు చెవుడనుకుంటారు అందరూ. నా చెవులు బాగానే ఉన్నాయి."

"ఆ మాట అన్నది నేనే."

"తెలుసు. నీ గొంతు నాకు తెలియదా."

"కోపం రాలేదా?"

"ఒక పూట వచ్చింది. తర్వాత ఆలోచిస్తే నువ్వన్నది తప్పు కాదనిపించింది." ఆయన కమ్మీ వదిలి చెయ్యి సడలించబోయి మళ్ళీ పట్టుకున్నాడు. "నేను ఎక్కువ చేసే చెబుతాను. ఒకప్పుడు ఇలా ఉండేవాణ్ణి కాదు. మా ఆవిడ మీ కివీ మనిషి. కత్తి గుచ్చుకున్నా పర్లేదనే రకం. మా ఊళ్ళో ఒకసారి కడుపునొప్పి వస్తే తనని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఎంత నొప్పి అని అడిగారు. మూడంది. మాత్రలిచ్చి ఇంటికి పంపేశారు. తెల్లారేసరికి అపెండిక్స్ పగిలింది. మనిషి దక్కింది, అదే అదృష్టం. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరికి ఏం నొప్పి వచ్చినా పదే. పదంటేనే మా దగ్గర తల తిప్పి చూస్తారు."

విక్టోరియా ఐసు గ్లాసు ఆయన చేతికి దగ్గరగా జరిపింది.

"నలభై ఏళ్ళు గోధుమలకి గ్రేడు వేశాను నేను," అన్నాడు. "ఒక లారీ గింజలు పిడికిట్లోకి తీసుకుని చూసి చెప్పాలి. గ్రేడు ఎప్పుడూ కొనేవాడి ప్రమాణంలో వేయాలి. అమ్మేవాడి ప్రమాణంలో వేస్తే సరుకు వెనక్కొస్తుంది. ఇక్కడ మీరు కొనేవాళ్ళు. అందుకని మంగళవారం ఆ అమ్మాయి అడిగినప్పుడు, నిజంగా ఎనిమిది ఉంటుందనుకుని, సగం చేసి నాలుగని చెప్పాను. మీకు పని తేలికవుతుందని."

బయట హెలికాప్టర్ ఏదో దిగుతున్న చప్పుడు.

"ఆ పిల్ల దాన్ని మళ్ళీ సగం చేస్తుందని నాకు తట్టలేదు," అన్నాడు వెండెల్. "లెక్కల మనిషిని. తట్టాల్సింది."

తప్పు ఆయన తన మీద వేసుకుంటున్నాడు. అంత హాయిగా, కాఫీ బాగుందన్నంత సులువుగా. కోర్టుకెళ్ళే జాతి, అన్నాడు పొద్దున్న అబ్రహాం.

బెట్సీ పుట్టినప్పటి సంగతి ఆమెకి గుర్తొచ్చింది. అప్పటికి ఈ దేశం వచ్చి ఏడాది. నొప్పులు పడుతుంటే మిడ్‌వైఫ్ ఇంకో ఆవిడతో ఆమె తల మీదుగా అంది, "ఇండియన్స్ కాస్త ఎక్కువే అరుస్తారు." ద్వేషంతో అనలేదు, నవ్వుతూనే అంది. ఆ తర్వాత ఆరు గంటలు విక్టోరియా దిండు గలేబు పళ్ళ మధ్య పెట్టుకుని, ఎవరు అడిగినా "ఓకే" అంది. తీరా చూసేసరికి బిడ్డ తల కనబడుతోంది. ఆ కథ అబ్రహాంకి, చర్చిలో ఆడవాళ్ళకి, కొత్తగా చేరిన నర్సులకి ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిన ప్రతిసారీ కోపంతో గొంతు వణికేది. ఆ కథలో తను మంచం మీద ఉన్న మనిషిని తప్ప ఇంకెవరినీ కాలేనని పదిహేనేళ్ళు నమ్మింది.

"ఆ అమ్మాయి ఎలా ఉంది?" అన్నాడు వెండెల్. "రాలేదేం? షిఫ్టు అయిపోయాక కూడా అరగంట నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. వాళ్ళ నాయనమ్మ కొమురమ్మ అట, ఆవిడ మోకాళ్ళకి ఏదో ఆకు కాచి కట్టేదని చెప్పింది."

"బాగానే ఉంది."

"మీ లెక్కలో బాగానా?"

విక్టోరియా లేచి నిలబడింది. "సారీ, వెండెల్."

"అయ్యో, దానికేముంది, బాస్," అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆయన మొహంలో ఎక్కడా పగ లేదు.

అంత తేలిగ్గా దొరికిన క్షమ ఆమెకి ఎందుకూ పనికిరాలేదు. క్షమించాల్సిన మనిషి వెనక గదిలో సూట్‌కేసు సర్దుకుంటోంది.

వెళ్ళేముందు కౌంటర్ దగ్గర ఆ కుర్ర నర్సుని పట్టుకుని చెప్పింది. "ఆ మంచం ఆయన మూడంటే ఆరు వేసుకోండి. ఆయన సగమే చెబుతున్నాడు."

"ఎందుకలా?" అంది ఆ అమ్మాయి.

"మేమే నేర్పాం," అంది విక్టోరియా.

*

కారులో ఆ వాక్యం కట్టుకుంది. "ప్రియా, ఆ మాట నాది. సోమవారం నేనే చెబుతాను." నది పక్క రోడ్డు మీద మూడుసార్లు పైకి అనుకుంది. గొంతు నిలకడగానే ఉంది. రేపు చర్చిలో ప్రభువు బల్ల, అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. తనను తాను పరీక్షించుకోకుండా రొట్టె ముట్టకూడదని చిన్నప్పట్నుంచి విన్నది. పరీక్షించుకోవడం అంటే ఇంతే కదా, ఇంటికెళ్ళి ఒక వాక్యం చెప్పడం.

ఇంటి ముందు కారు ఆపేసరికి ఇంకో ఆలోచన వచ్చింది. తను హెడ్ నర్సు. ఆ మాట ఒప్పుకుంటే ఒక్క హోమ్‌తో పోదు. నర్సు రిజిస్ట్రేషన్ దాకా వెళ్ళొచ్చు. పిల్లకి ఇరవై ఆరేళ్ళు, ఇంకో పని దొరుకుతుంది.

ఆ ఆలోచన తన గొంతులోనే వచ్చింది. షిఫ్టు మారేటప్పుడు కాగితాలు పట్టుకుని మాట్లాడే ఆ గొంతులోనే.

తలుపు తీసేసరికి సాయి ప్రియ సింకు దగ్గర నిలబడి ఉప్మా గిన్నె తోముతోంది. ఫ్రిజ్ మీద ఉత్తరం లేదు.

"తిన్నావా?"

"తిన్న ఆంటీ. మంచిగుండె."

"కొత్తిమీర దొరకలేదు," అంది విక్టోరియా, ఖాళీ చేతులు చూసుకుంటూ.

"ఉన్నది ఆంటీ. కింద అరల ఉన్నది. నిన్ననే తెచ్చిండు అంకుల్."

విక్టోరియా కోటు విప్పి కొక్కేనికి తగిలించింది.

"సూట్‌కేసు ఎందుకు సర్దుతున్నావు ప్రియా? విచారణ ఇంకా కానే లేదు."

"పాపటోయిటోయిల నిరుపమ ఉంటది, నా క్లాస్‌మేట్. ఆమె దగ్గరికి పోత."

"అంత దూరం ఆక్లాండుకా? వీసా సంగతేంటి? ఉద్యోగం పోతుందని నీకు నువ్వే ఖాయం చేసుకున్నావా?"

"ఉద్యోగం గురించి కాదాంటీ."

గిన్నె కడిగింది. బోర్లించింది. మళ్ళీ తీసి మళ్ళీ కడిగింది.

"మరి దేని గురించి?"

"ఇంట్ల ఉండలేకపోతున్న. అంకుల్ పొద్దుగాల తలుపుకాడ నిలబడి, మీ ఆంటీ నీ పక్కన కూసుంటదని చెప్పిండు. అది విన్నంక ఇంక అస్సలు ఉండలేకపోతున్న."

కట్టుకొచ్చిన వాక్యం నాలుక చివరే ఉంది. ప్రియా, ఆ మాట నాది. ఐదు సెకన్ల పని.

"ప్రియా," అంది.

"నేను ముందు చెప్త ఆంటీ. మీరు మాట్లాడితే నేను చెప్పలేను." సాయి ప్రియ చేతులు తుడుచుకుని, జేబులోంచి ఫోను తీసింది. తెర మీద పొడవుగా ఇంగ్లీషు అక్షరాలున్నాయి. "నిన్న మేనేజర్ అడిగింది, ఏం జరిగిందో రాసి పంపమని. ఏడ్చుకుంట రాసిన. అంతా రాసిన. సగం చెయ్యాలె అని మీరు చెప్పిన మాట, ఏ రోజు చెప్పిండ్రో, అక్కడ ఎవరెవరున్నరో. మీ పేరు రాసిన. పంపేసిన."

గాలికి కిటికీ ఒకసారి దడదడలాడి ఊరుకుంది.

నిన్న. అంటే శుక్రవారం. గురువారం తను 'నాకు తెలిసి లేదు' అంది. ఆ రెండూ ఇప్పుడు మేనేజర్ బల్ల మీద పక్కపక్కనే ఉండి ఉంటాయి.

"మీ ఇంట్ల తింటున్న. మీ బిడ్డ లెక్క చూసిండ్రు. ఈ పని మీరే ఇప్పిచ్చిండ్రు. అయినా రాసిన," అంది సాయి ప్రియ. ఏడవడం లేదు. ఏడవడం నిన్ననే అయిపోయినట్టుంది. "పొద్దున బెట్సీ ఆ మాట అంటే ఇన్న. అందరు నవ్వుతున్నరు. ఈస్టర్ నాడు నేను కూడా నవ్విన. ఆ మాట మీది మాత్రమే కాదాంటీ, నాది కూడా. నాలుగన్నడు ఆయన. చెవులారా ఇన్న. రూలు నాకు తెల్వదా?"

విక్టోరియా కుర్చీ వీపు పట్టుకుంది. కారులో మూడుసార్లు చెప్పుకున్న వాక్యం ఇంకా నోట్లోనే ఉంది కానీ, దాని విలువ మారిపోయింది. పది నిమిషాల ముందు చెప్పి ఉంటే అది ఒప్పుకోలు. ఇప్పుడు చెబితే దొరికిపోయాక అన్న మాట.

"ఇది ఇంకోటి," అంది సాయి ప్రియ, ఫోను ఆమె వైపు తిప్పి. "ఇప్పుడే రాసిన. నిన్న నేను పరేషాన్ల ఉండి తప్పు రాసిన, ఆ మాట ఎవ్వరు చెప్పలే, నేనే నా సొంతంగ అట్ల అనుకున్న అని రాసిన. ఇది పంపితే ముందుది రద్దైతది. మీరొకసారి చూడున్రి, ఇంగ్లీష్ సరిగుందా?"

అక్షరాలు కళ్ళ ముందు కదిలాయి. చదవాల్సిన అవసరం లేదు. ఈ ఉత్తరం వెళ్తే ఆ పిల్ల మాట మార్చిన మనిషి అవుతుంది. నొప్పిని పట్టించుకోనిదీ, పైగా అబద్ధాలాడేదీ అవుతుంది. సోమవారం ఆ పిల్లని పనిలోంచి తీసెయ్యడానికి పది నిమిషాలు చాలు.

"ఎంత భయంగా ఉంది నీకు?" అంది విక్టోరియా. తను అడగదల్చుకున్నది అది కాదు.

"ఏం లేదాంటీ. కొంచమే." సాయి ప్రియ నవ్వడానికి ప్రయత్నించింది. "మూడో, నాలుగో."

ఆ పిల్ల ఫోను పట్టుకున్న వేళ్ళ కణుపులు తెల్లబారి ఉన్నాయి.

విక్టోరియా చూసింది. చూసి కూడా, తన గుండెల్లో మొట్టమొదట కదిలింది సిగ్గు కాదని గుర్తుపట్టింది. అది ఊరట. దానికి అంకె వేయమంటే పదికి పది, ఏ దేశపు లెక్కలోనైనా. ఆ ఊరట వెనకే ఆ పాత గొంతు కూడా వచ్చింది, కాగితాలు చేత పట్టుకుని, అందరికీ నచ్చేలా. ముందు ఇది పంపనీ. సోమవారం నీ అంతట నువ్వే చెబుదువుగాని. అప్పుడది ఒప్పుకోలే అవుతుంది.

బయట కారు ఆగిన చప్పుడైంది. బెట్సీ గెలిచినట్టుంది, అబ్రహాం హారన్ రెండుసార్లు కొట్టాడు.

సాయి ప్రియ బొటనవేలు తెర మీద ఆగి ఉంది.

"పంపాల్నా ఆంటీ?"

విక్టోరియా చెయ్యి చాచింది.

"ఫోను ఇలా ఇవ్వు," అంది.